గాలం కబుర్లు: ముందు ఎర, చివర్న రీల్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రీల్ గురించే, అంటే గాలం కర్రకు బిగించి లైన్ చుట్టే చక్రం గురించే. ఏ రీల్ కొనాలి, ఎన్ని బేరింగులు ఉండాలి, పిడి ఎడమవైపా కుడివైపా అని. ఎర గురించి అడిగినవాళ్లు కొద్దిమంది. ముడి గురించి అడిగింది ఒకే ఒక్కరు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఈ వరస తలకిందులుగా ఉంది. చేప నోటికి తగిలేది ఎర. ఎరను పట్టి ఉంచేది ముడి. ముడి వెనక లైన్, లైన్ వెనక రాడ్, అన్నిటికన్నా వెనక రీల్. డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు కూడా నేను ఈ వరసలోనే ఆలోచిస్తాను.

శీర్షిక కొత్తగా చదివేవారికి ఒక మాట. ఇక్కడ మనం మాట్లాడుకునేది బాస్ అనే మంచినీటి చేప గురించి, ముఖ్యంగా లార్జ్‌మౌత్ బాస్. పుట్టిల్లు ఉత్తర అమెరికా. తర్వాత మనుషులే దాన్ని జపాన్, స్పెయిన్, దక్షిణాఫ్రికా లాంటి చోట్లకు తీసుకుపోయారు. నోరు పెద్దది. పరిగెత్తి వేటాడటం కంటే నాచు పక్కనో, మునిగిన దుంగ నీడలోనో మాటు వేసి, దగ్గరికొచ్చినదాన్ని గుటుక్కున మింగడం దాని పద్ధతి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద రాసినదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మాస్టారూ, ముచ్చటపడి 8.1:1 గేర్ రేషియో ఉన్న బెయిట్‌కాస్టింగ్ రీల్ కొన్నాను. విసిరిన సమయం తక్కువ, చిక్కు విడదీసుకున్న సమయం ఎక్కువ. పావు ఔన్సు ఎర పది గజాలు కూడా పోవడం లేదు. రీల్‌లో లోపమా, నాలోనా?
*- కొత్తగా గాలం పట్టిన ఒక ఇంజినీరు*

రీల్‌లో లోపం లేదు బాబూ. మీరు ఎంచుకున్న ఎరలో కొంచెం ఉంది, తొందరలో ఎక్కువ ఉంది.

ముందు గేర్ రేషియో సంగతి తేల్చేద్దాం. 8.1:1 అంటే పిడి ఒక్క చుట్టు తిప్పితే స్పూల్, అంటే లైన్ చుట్టుకునే కండె, 8.1 చుట్లు తిరుగుతుందని. అది లైన్ వెనక్కి చుట్టేటప్పటి లెక్క. బటన్ నొక్కి విసిరేటప్పుడు స్పూల్‌కి గేరుతో సంబంధమే తెగిపోతుంది. కాబట్టి మీ చిక్కుకు, ఆ అంకెకు చుట్టరికం లేదు.

అసలు కారణం ఇది. ఎర మీ చేతి నుంచి వెళ్లిన క్షణంలో మంచి వేగంతో ఉంటుంది. గాలి అడ్డుపడి ఆ వేగం తగ్గుతూ వస్తుంది. స్పూల్‌కి ఆ కబురు అందదు. అది మొదటి ఊపులోనే తిరుగుతూ, ఎర అడిగినదానికంటే ఎక్కువ లైన్ వదిలేస్తుంది. ఆ మిగులు లైనే లోపల పిచ్చుక గూడు కడుతుంది. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ తిరగదు, లైన్ దాని అంచు మీంచి జారిపోతుందంతే. అందుకే తేలికైన ఎరలకు అది హాయి.

ఇవాళ సాయంత్రం గడ్డి ఉన్న చోట నిలబడి ఇలా చేయండి. పావు ఔన్సు ఎర పక్కన పెట్టి, అర ఔన్సు, అంటే సుమారు 14 గ్రాముల గుండు కట్టండి. గాలాలు లేనిది. రాడ్ ముందుకు చాచి బటన్ నొక్కండి. గుండు దడాలున పడిపోతే, పిడి పక్కన ఉన్న టెన్షన్ నాబ్‌ను కొంచెం బిగించండి. గుండు మెల్లగా దిగి, నేలకు తగలగానే స్పూల్ కూడా ఆగిపోవాలి. అక్కడ వదిలేయండి. రెండో వైపు ఉండే బ్రేకును, అది అయస్కాంతాలదైనా సరే, చిన్న పిన్నులదైనా సరే, గరిష్ఠానికి దగ్గరగా పెట్టండి. దూరం గురించి మర్చిపోండి. మెత్తగా, ఒకే ఊపుతో విసరండి. కొత్తవాళ్లు కొరడా ఝళిపించినట్టు విసురుతారు, చిక్కులో సగం దాంతోనే పడుతుంది.

బొటనవేలు స్పూల్ మీద ఆనీ ఆననట్టు ఉండాలి. ఎర నీటిని తాకే ముందు నొక్కి ఆపాలి. ఈ బొటనవేలి పని ఏ ఖరీదైన బ్రేకూ పూర్తిగా చేయలేదు. వారం రోజులు చిక్కు పడకుండా సాగితే బ్రేకు ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ రండి. గాలికి ఎదురుగా మాత్రం ఇప్పుడే వద్దు.

నేర్చుకునే రోజుల్లో నన్ను కాపాడిన చిట్కా ఒకటుంది. మీరు విసరగలిగిన దూరానికి ఇంకో పది గజాలు కలిపి అంత లైన్ బయటికి లాగి, స్పూల్ మీద మిగిలిన లైన్‌కి ఒక ముక్క టేపు అంటించి, మళ్లీ చుట్టేయండి. ఎంత ఘోరమైన చిక్కు పడినా టేపు దాటి లోపలికి పోదు. పడిన చిక్కును కూడా వెంటనే గోళ్లతో పీకకండి. బొటనవేలితో స్పూల్‌ను గట్టిగా నొక్కి పట్టి, పిడిని రెండు మూడు చుట్లు తిప్పి, అప్పుడు లైన్ లాగి చూడండి. చాలాసార్లు తనంతట తానే ఊడొస్తుంది. ఊడలేదా, కత్తెర ఉంది.

మాస్టారూ, పోయిన సంచికలో "ఫ్లోరోకార్బన్ లైన్ చేపకు తక్కువగా కనబడుతుంది, వాడండి" అని రాశారు. నమ్మి నీటి మీద తేలే నా పాపర్ ఎరకి అదే కట్టాను. అది నీటి మీద నిలవడం లేదు, మూతి కిందికి దించేస్తోంది. మీ మాట విని నా ఉదయం పోయింది.
*- కోపంగా ఉన్న పాత పాఠకుడు*

మీ కోపం న్యాయం. "నీటి మీద తేలే ఎరలకు తప్ప" అన్న అయిదు మాటలు రాయకపోవడం నా తప్పు. ఇప్పుడు వడ్డీతో సహా తీరుస్తాను.

లైన్లు మూడు రకాలు. నైలాన్, ఫ్లోరోకార్బన్, అల్లిక లైన్. వీటి తేడా తెలియడానికి నీటితో పోల్చి బరువు చూస్తే చాలు. నీటి సాంద్రత 1 అనుకుంటే నైలాన్ 1.14 దగ్గర ఉంటుంది, అంటే చాలా నెమ్మదిగా మునుగుతుంది. ఫ్లోరోకార్బన్ 1.78, గట్టిగా మునుగుతుంది. పాలిథిలీన్ పోగులతో చేసే అల్లిక లైన్ 0.97, తేలుతుంది. మీ పాపర్ మూతిని కిందికి లాగింది ఆ 1.78. దానికి నైలాన్ కట్టండి, లేదా అల్లిక లైన్ కట్టి చివర రెండడుగుల నైలాన్ ముక్క తగిలించండి. అల్లిక లైన్ మరీ మెత్తన కాబట్టి నేరుగా కడితే పాపర్ ముందు గాలానికే చుట్టుకుంటుంది.

ఫ్లోరో తక్కువగా కనబడుతుందన్నది మాత్రం అబద్ధం కాదు. కాంతిని వంచే గుణంలో నీరు 1.33, ఫ్లోరో 1.42, నైలాన్ 1.5 పైమాటే. నీటికి దగ్గరగా ఉన్నది నీటిలో కలిసిపోతుంది. మాయమైపోదు, కలిసిపోతుందంతే. రాయికి రాసుకున్నా ఓర్చుకుంటుంది. అందుకే అడుగున పాకించే జిగ్ (తలలోనే గుండు ఉన్న గాలం), ప్లాస్టిక్ వానపాము, లోతుకు దిగే క్రాంక్‌బెయిట్, వీటికి నేను ఫ్లోరోనే వాడతాను. అది అసలు సాగదని చాలామంది నమ్ముతారు. సాగుతుంది. సాగనిది అల్లిక లైన్ ఒక్కటే.

అల్లిక లైన్ బలం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 30 పౌండ్ల అల్లిక లైన్ మందం దాదాపు 8 పౌండ్ల నైలాన్ అంతే. నాచును కత్తిలా కోసుకుంటూ వస్తుంది. రాళ్ల దగ్గర మాత్రం దాన్ని నమ్మొద్దు, పదునైన అంచుకు ఇట్టే తెగుతుంది. ఇంకో సంగతి, నున్నటి స్పూల్ మీద నేరుగా చుడితే మొత్తం కట్ట జారి తిరుగుతుంది. చేప లాగుతుంటే మీరు పిడి తిప్పుతారు, లైన్ రాదు, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ను జారనిచ్చే బిగింపు) పాడైందనుకుంటారు. కింద కొన్ని చుట్లు నైలాన్ చుట్టి దాని మీద చుట్టండి.

ఒకే లైన్‌తో అన్నీ అంటారా? నన్ను నిలదీసి అడిగితే, స్పిన్నింగ్ రీల్‌కి 10 లేదా 15 పౌండ్ల అల్లిక లైన్, దాని చివర ఒక నిలువు మనిషంత పొడవు 8 పౌండ్ల ఫ్లోరో. బెయిట్‌కాస్టర్‌కి 15 పౌండ్ల ఫ్లోరో. ఏడాదిలో ఎక్కువ రోజులు వీటితో గడిచిపోతాయి.

గురువుగారికి నమస్కారం. రాడ్ మీద "మీడియం హెవీ, ఫాస్ట్" అని రాసి ఉంది. రెండూ బలం గురించేనా?
*- డిగ్రీ విద్యార్థిని*

కాదమ్మా. మొదటిది ఎంత బలంతో వంగుతుందో చెబుతుంది, రెండోది ఎక్కడ వంగుతుందో. ఫాస్ట్ అంటే కొస దగ్గరే వంగి, మిగతాది నిటారుగా ఉంటుంది. మోడరేట్ అంటే వంపు మధ్యదాకా వస్తుంది. మీ దగ్గర ఉన్నది ఒక్క పెద్ద గాలం ఉన్న ఎరలకు, అంటే జిగ్‌కి, వానపామును గుచ్చే టెక్సస్ రిగ్‌కి, రేకు తిరిగే స్పిన్నర్‌బెయిట్‌కి చక్కగా సరిపోతుంది. మందపాటి గాలాన్ని గట్టి దవడలో దింపాలంటే ఆ బిగువు కావాలి.

మూడు కొక్కేల గాలాలు వేలాడే క్రాంక్‌బెయిట్‌కి ఇదే రాడ్ వాడితే కథ వేరు. ఆ గాలాలు చిన్నవి, సన్నవి, తరచుగా చర్మానికే తగులుకుంటాయి. చేప తల విదిలించినప్పుడు రాడ్ వంగి ఇవ్వాలి. వంగకపోతే గాలం ఊడొస్తుంది. అందుకే దానికి మోడరేట్ రాడ్, ఫైబర్‌గ్లాస్ కలిసినదైతే ఇంకా మేలు. చేప తగలగానే గుంజడం కూడా వద్దు, చుడుతూనే పక్కకు వాలండి.

అదే చోట ఎర బరువు, లైన్ బలం కూడా అంకెల్లో రాసి ఉంటాయి. వాటిని ఎవరూ చదవరు. మందు సీసా మీద చీటీలాగా చదవండి.

పది బేరింగుల రీల్ మంచిదా, ఆరు బేరింగులదా?
*- పేరు రాయలేదు*

మంచి బేరింగులున్నది మంచిది.

మాస్టారూ, నా దగ్గర నూటనలభై ఎరలున్నాయి. నీటి దగ్గరికి వెళ్తే ఏది వేయాలో తోచక పెట్టె ముందు కూర్చుండిపోతున్నాను. మీ పెట్టెలో ఏముంటాయి?
*- ఎరల పిచ్చోడు (మా ఇంట్లో పెట్టిన పేరు)*

మా ఇంట్లోనూ ఇలాంటి పేరే ఉంది, కంగారు పడకండి. నా దగ్గర మూడు పెట్టెలున్నాయి. తడిసేవి మాత్రం ఆరే ఎరలు.

ఎర చూడ్డానికి చేపలా ఉండాలన్న రూలేం లేదు. ఫిన్లాండ్‌లో లౌరి రపాలా అనే జాలరి, పెద్ద చేపలు చిరుచేపల గుంపులో దెబ్బతిని పక్కకు ఒరుగుతూ ఈదేదాన్నే ఏరి పట్టుకోవడం గమనించాడు. 1936లో బెండు చెక్కి, మీద తగరపు రేకు చుట్టి, ఆ ఒరుగుడు నడక వచ్చేలా ఎర చేశాడు. అతను అమ్మింది రూపం కాదు, నడక. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఆక్రన్ పట్టణంలో నిక్ క్రీమ్ ఇంట్లోనే అచ్చుపోసి మెత్తని ప్లాస్టిక్ వానపాము చేశాడు. ఈనాటికీ బాస్ వేటలో దానికి సాటి వచ్చే ఎరలు తక్కువ. కాబట్టి కొత్త ఎర చేతిలోకి తీసుకున్నప్పుడు దాని బొమ్మ చూడకండి. ఇది ఏ లోతులో తిరుగుతుంది, ఎంత వేగంగా తిరుగుతుంది, దేనికి చిక్కుకుంటుంది, ఈ మూడే అడగండి.

నా ఆరు ఇవి. వానపామును టెక్సస్ రిగ్‌లో కడతాను. ముందు తూటాలాంటి గుండు, వెనక 3/0 సైజు వంపు గాలం, గాలం మొన ప్లాస్టిక్ ఒంట్లోనే దాగి ఉంటుంది. కొమ్మల్లోంచి, నాచులోంచి చిక్కుకోకుండా వస్తుంది. గుండు సీసంది కాకుండా టంగ్‌స్టన్‌ది వాడతాను. సీసం సాంద్రత 11.3, టంగ్‌స్టన్ 19.3. అదే బరువు చాలా చిన్న ముక్కలో వస్తుంది, అడుగున రాయి తగిలిందా మట్టి తగిలిందా చేతికి తెలుస్తుంది. సీసం మింగి నీటి పక్షులు చస్తాయి కాబట్టి కొన్నిచోట్ల చిన్న సీసపు గుండ్లు నిషేధం కూడా.

రెండోది స్పిన్నర్‌బెయిట్. గాలి వీచి నీరు అలలు తేలిన రోజున నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. మెరిసే రేకు గుండ్రంగా ఉంటే నీటిని బాగా అదిలిస్తుంది, కాబట్టి బురద నీటికి. సన్నగా విల్లో ఆకులా ఉంటే అదురు తక్కువ, మెరుపు ఎక్కువ, తేట నీటికి. మూడోది మూతికి పలక ఉన్న క్రాంక్‌బెయిట్. దాన్ని ఉత్త నీటిలో లాగడం దండగ. దుంగకో రాయికో గుద్దుకోవాలి, గుద్దుకుని ఒరగాలి, చాలాసార్లు చేప కొట్టేది ఆ క్షణంలోనే. సన్నని లైన్ కడితే ఇంకొంచెం లోతుకు దిగుతుందన్నది గుర్తుంచుకోండి. నాలుగోది జిగ్. ఐదోది చల్లని నీటికి జెర్క్‌బెయిట్. రెండు కుదుపులు, ఒక ఆగుడు. నీరు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ ఆగాలి. పదిహేను అంకెలు లెక్కపెట్టే ఓపిక నాకు యాభై దాటాక గాని రాలేదు. ఆరోది పొద్దున్నే, సాయంత్రం వేళ నీటి మీద తేలే పాపర్.

మీ నూటనలభైలో మెత్తవి, గట్టివి ఒకే పెట్టెలో ఉన్నాయా? ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి వెళ్లి విడదీయండి. మెత్తని ప్లాస్టిక్‌లో ఉండే నూనెలాంటి రసాయనం గట్టి ఎరల రంగును, కొన్నిరకాల పెట్టెలనూ కరిగిస్తుంది. ఒక ఎండాకాలం నేను కారు డిక్కీలో వదిలేసిన పెట్టెలో రెండు క్రాంక్‌బెయిట్లు, డజను వానపాములు కలిసి ఒకే జీవిగా మారాయి. మా ఆవిడ దాన్ని చూసి "ఇది ఏ చేపకి?" అంది. ఇప్పటికీ దాచుకున్నాను.

కప్ప ఎర మీదికి చేప బాంబులా లేస్తోంది. గుంజితే కప్ప ఖాళీగా ఎగిరి నా మొహం మీదికి వస్తోంది. ఎందుకు?
*- తామరాకుల మధ్య ఒంటరివాడు*

తొందరపడి గుంజుతున్నారు. చప్పుడు విన్నాం కదా అని చేయి కదిలిపోతుంది, అది సహజం. బాస్ మొదటి దెబ్బకు ఆకుతో సహా కప్పను ఎగరేస్తుంది, తర్వాత నోట్లోకి లాక్కుంటుంది. రాడ్ కొస కిందికి దించండి, కప్ప కనబడకుండా పోయిందా చూడండి, లైన్ బరువు తగలనివ్వండి, అప్పుడు ఒళ్లంతా పెట్టి గుంజండి.

తర్వాత ఇంకా ముఖ్యమైన పని ఉంది. చేప తలను పైకి తిప్పి ఆకుల మీదుగా జారుస్తూ తెచ్చేయాలి. దానికి ఒక్క క్షణం ఊపిరి ఇచ్చినా కాడల చుట్టూ తిరిగి కట్టేసుకుంటుంది. అందుకే ఈ ఒక్క పనికి నేను 65 పౌండ్ల అల్లిక లైన్, ఏడడుగులు దాటిన హెవీ రాడ్, 7:1 దాటిన రీల్ వాడతాను. మొదటి ఉత్తరం రాసిన ఇంజినీరు గారి 8.1:1 రీల్‌కి అసలు పని ఇక్కడుంది. కొత్త కప్ప అయితే దాని రబ్బరు కాళ్లు కొంచెం కత్తిరించండి, వెనక పొడవు తగ్గితే నోట్లోకి పూర్తిగా పోతుంది.

మాస్టారూ, నాకు అరవై మూడేళ్లు. మనవడితో కలిసి ఈమధ్యే మొదలుపెట్టాను. వేళ్ల కీళ్లు నొప్పి, బరువైనవి పట్టుకోలేను. వాడు చేపలు పడుతున్నాడు, నాకు చేప తగిలిందో లేదో తెలియడమే లేదు.
*- ఒక అమ్మమ్మ*

అమ్మా, మీకోసమే పుట్టిందా అనిపించే పద్ధతి ఒకటుంది. మీడియం బలం ఉన్న ఏడడుగుల లోపు స్పిన్నింగ్ రాడ్ తీసుకోండి. అయిదంగుళాల మెత్తని పుల్లలాంటి వానపాము, చిన్న గాలం, అంతే. గుండు లేదు. గాలాన్ని వానపాము నడుముకు గుచ్చాలి. దీన్ని వాకీ అంటారు. నీళ్లలో వేస్తే రెండు కొసలూ వణుకుతూ, తీరుబడిగా కిందికి దిగుతుంది. మీరు చేయాల్సింది ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. కదపాలనిపించినప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకోండి. నడుము దగ్గర చిన్న రబ్బరు రింగు వేసి దాని కింద గాలం గుచ్చితే వానపాము త్వరగా తెగిపోదు.

చేప తగిలింది చేతికి తెలియదు, నిజమే. ఎర దిగుతుండగానే నోట్లో వేసుకుంటుంది, లైన్ వదులుగా ఉంటుంది, ఇక చేతికేం తెలుస్తుంది? కంటికి తెలుస్తుంది. పసుపుపచ్చ అల్లిక లైన్ చుట్టించుకుని, చివర ఫ్లోరో కట్టించుకోండి. లైన్ నీటిని తాకే చోటే చూస్తూ ఉండండి. టక్కున చిన్న ఎగురు కనబడినా, లైన్ పక్కకు నడవడం మొదలుపెట్టినా, అడుగు చేరేలోపే దిగడం ఆగిపోయినా, అది చేప. వదులు చుట్టేసి రాడ్ పక్కకు లాగండి. గాలం మొన వెనక ఉండే ముల్లును పట్టుకారుతో నొక్కి చదును చేసుకుంటే చేపను విడిపించడం మీ వేళ్లకు తేలిక. మీ మనవడి వేళ్లకూ క్షేమం.

ఒకటి మాత్రం ఆలస్యం చేయకండి. చూడగానే లాగాలి. ఎక్కువసేపు ఆగితే చేప గాలాన్ని గొంతులోకి దించుకుంటుంది.

ఎర రంగు ఎలా ఎంచుకోవాలి?
*- చాలామంది*

తేట నీటిలో ఆ నీటి చిరుచేపల రంగు, ఆకుపచ్చ మట్టి రంగు. బురద నీటిలో నలుపు నీలం, లేదా కళ్లు జిగేలుమనే పసుపు ఆకుపచ్చ. చీకటి పడ్డాక నలుపు, కింద నుంచి చూసే చేపకు ఆకాశం మీద దాని నీడ స్పష్టంగా ఆనుతుంది కాబట్టి. ఇంతకు మించి రంగుల గురించి ఆలోచించడం నేను మానేశాను. లోతు తప్పితే ఏ రంగూ కాపాడదు.

రెండు పౌండ్ల చేపకే నా రాడ్ ఫట్‌మని విరిగింది. 15 పౌండ్ల లైన్ మాత్రం తెగలేదు! తయారీ లోపం అని రాయమంటారా?
*- బాధలో ఉన్నవాడు*

రాసే ముందు ఒక ప్రశ్న. విరిగినప్పుడు చేప కాళ్ల దగ్గర ఉందా, రాడ్ ఆకాశం వైపు నిలువుగా ఉందా? ఉంటే కారణం అదే. రాడ్ నిలువుగా లేపి, పొట్టి లైన్‌తో చేపను పైకి ఎత్తబోతే బరువంతా సన్నని కొస మీద పడుతుంది. కింది భాగానికి పని ఉండదు. చేపను వలలోకో చేతిలోకో తీసుకోవాలి గాని రాడ్‌తో ఎత్తకూడదు.

డ్రాగ్ కూడా చూసుకోండి. చిన్న కాటా కొనకు కట్టి లాగితే, లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతులో లైన్ జారాలి. 15 పౌండ్లకు నాలుగు, అయిదు పౌండ్లన్నమాట. తామరాకుల్లో కప్ప వేసేటప్పుడు ఈ సూత్రం చెల్లదు, అక్కడ బిగించాల్సిందే.

గ్రాఫైట్ రాడ్‌కి కనబడని గాయాలు కూడా అవుతాయి. బరువైన గుండు విసురుగా తగిలితే లోపల పగులుతుంది, నెల తర్వాత ఏదో బుల్లి చేపకు విరిగి అపకీర్తి దానికి వస్తుంది. నా చేతిలో ఇప్పటిదాకా పోయినవి నాలుగు. రెండు కారు తలుపులో, ఒకటి మీలాగే, ఇంకొకటి ఇంట్లో మనవరాలికి విసరడం చూపిస్తుంటే సీలింగ్ ఫ్యానులో. చేపకు పోయింది ఒక్కటీ లేదు.

గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. ఉరుము వినబడితే రాడ్ దించేసి ఒడ్డుకు వచ్చేయండి. కరెంటు తీగల కింద రాడ్ పైకెత్తి నడవకండి. ఇది అడగని ప్రశ్నకు జవాబే, అయినా రాశాను.

ముడి ఊడిపోయి మంచి చేప పోయింది. చివర పందితోకలా మెలితిరిగి ఉంది.
*- ముడి గురించి అడిగిన ఆ ఒక్కరు*

పందితోక అంటే ముడి తెగలేదు, జారింది. బిగించే ముందు తడిపారా? ఎండు లైన్ రాపిడికి వేడెక్కుతుంది, ఫ్లోరో ఆ వేడికే నీరసించిపోతుంది. ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించి, ఎక్కడైనా తెల్లగా కనబడితే కోసి మళ్లీ కట్టండి. పాలొమార్ ముడి ఒక్కటి నేర్చుకోండి. లైన్‌ను రెండు పేటలుగా మడిచి గాలం కంట్లోంచి దూర్చి, మామూలు ముడి వేసి, ఆ ఉచ్చులోంచి మొత్తం గాలాన్ని దాటించి బిగించడమే. అల్లిక లైన్‌కి కూడా నిలుస్తుంది. చేప పడిన ప్రతిసారీ చివరి రెండడుగులు వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే అక్కడిదాకా కోసేయండి. నాలుగంగుళాల లైన్ మీద పిసినారితనం ఎందుకు?

రికార్డు బాస్‌లు ఏ ఎరకు పడ్డాయి? పెద్ద చేప కోసం ఆరు ఔన్సుల స్విమ్‌బెయిట్ (చేపలా ఈదే పెద్ద ఎర) కొందామనుకుంటున్నాను.
*- పెద్ద చేప మీద కన్నేసినవాడు*

1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మాంట్‌గమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ పట్టినది 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైన. అతనికీ అతని స్నేహితుడికీ కలిపి ఆరోజు ఒకే రాడ్, ఒకే ఎర ఉన్నాయనీ, వంతులవారీగా విసురుకున్నారనీ చెబుతారు. నూటనలభై ఎరల మిత్రుడు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టినది దానికంటే ఒక ఔన్సు లోపే ఎక్కువ తూగింది. పాత రికార్డు చెరిగిపోవాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ ఉండాలని నియమం. అందుకే ఇద్దరినీ సమానమన్నారు. కురిటా వాడింది ప్రాణమున్న బ్లూగిల్ చేపను. టెక్సస్ రాష్ట్ర రికార్డు 18.18 పౌండ్లు, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో బ్యారీ సెయింట్ క్లెయిర్‌ది. ఆయన ఆరోజు అసలు బాస్ కోసం వెళ్లనే లేదు, చిరుచేపను ఎరగా వేసి క్రాపీ అనే చిన్న చేపలు పట్టుకుంటున్నాడు.

పెద్ద ఎర దండగ అనడం లేదు. పెద్ద బాస్ పెద్ద తిండినే ఇష్టపడుతుంది, రోజంతా విసిరి ఒక్క దెబ్బ కోసం ఎదురుచూసే ఓపిక ఉంటే కొనండి. కాకపోతే కొనే ముందు మీ రాడ్ మీద చిన్న అక్షరాల్లో రాసిన బరువు చూడండి. ఒక ఔన్సు దాకా అని ఉన్న రాడ్‌తో ఆరు ఔన్సులు విసిరితే, ఎరకంటే ముందు నీళ్లలో పడేది రాడ్ కొసే.